అప్‌డేట్: ముత్తాత పతకాల సంగతి తేలింది

మా ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధంలో ఏ దళంలో పనిచేశారు, ఇంట్లో ఉన్న మూడు పతకాలు దేనికిచ్చారు అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే వాటిని తోమకుండా, పక్క నుంచి టార్చి వేసి, భూతద్దంతో అంచు చూశాను. నంబరు, సాపర్ అనే హోదా, ఆయన పేరు, చివర 'క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎం.' (క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్) అని చెక్కి ఉంది! అంటే బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ సాపర్లు, సైన్యంలో వంతెనలు, దారులు వేసే ఇంజనీరింగ్ దళం. ఆ పేరు చదువుతుంటే ఒళ్లు పులకరించింది.

గుర్రమెక్కిన మనిషి ఉన్న వెండిది బ్రిటిష్ వార్ మెడల్, రెక్కల దేవత ఉన్న కంచుది విక్టరీ మెడల్. ఈ రెండూ లక్షల మందికి వచ్చాయి. అసలు కథంతా మూడోదాంట్లోనే ఉంది. అది రిబ్బను మీద 'ఇరాక్' అని రాసిన లోహపు పట్టీ ఉన్న జనరల్ సర్వీస్ మెడల్. 1919 డిసెంబరు, 1920 నవంబరు మధ్య అక్కడ పనిచేసినవాళ్లకే ఇచ్చారు. యుద్ధం ముగిశాక ఆయన ఆ ఎడారిలో ఉన్నారన్నమాట! ఇంట్లో ఎవరికీ ఈ ముక్క తెలియదు.

యుద్ధ సమయంలో కూడా, 1917 ఫిబ్రవరిలో ఇరాక్‌లోని షుమ్రాన్ దగ్గర సైన్యాన్ని టైగ్రిస్ నది దాటించిన వాళ్లలో మద్రాస్ సాపర్లూ ఉన్నారు. ఆయన ఏ కంపెనీలో (దళంలోని చిన్న విభాగం) ఉన్నారో ఆ నంబరు కోసం, మద్రాస్ సాపర్ల నేటి రూపమైన బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌కి ఉత్తరం రాశాను. దారి చూపించిన అందరికీ థ్యాంక్స్.