కాలనీ యూత్ క్లబ్ పనులు: మొక్కలు, బీచ్, రక్తదానం. మీ అనుభవాలు చెప్పండి

మురళీనగర్ కుర్రాడు
అందరికీ నమస్కారం. మా వీధి కుర్రాళ్లం కలిసి సేవా క్లబ్ ఒకటి మొదలుపెట్టాం. ఈ వానాకాలం మొక్కలు, సెప్టెంబరు మూడో శనివారం అంతర్జాతీయ తీర శుభ్రత దినం కాబట్టి ఆ రోజు బీచ్ క్లీనింగ్, డిసెంబరులో రక్తదాన శిబిరం పెట్టాలనుకుంటున్నాం. రిజిస్ట్రేషన్ తప్పనిసరా? జీవీఎంసీ (మన విశాఖ కార్పొరేషన్) వాళ్లను ముందు ఎక్కడ కలవాలి? అన్నిటికంటే పెద్ద టెన్షన్ ఏమిటంటే, మొదటి ఆదివారం వచ్చినవాళ్లు నెల తిరిగేసరికి కనిపించరని అందరూ అంటున్నారు, వాళ్లను ఎలా నిలబెట్టుకోవాలి? నర్సరీలో ఏడాకుల చెట్టు తీసుకోమన్నారు, త్వరగా పెరుగుతుందట.

లాసన్స్‌బే అక్క
మిగతావి తర్వాత తమ్ముడూ, ఏడాకుల చెట్టు మాత్రం ముట్టుకోకు. హుద్‌హుద్ తుపాను తర్వాత ఊరంతా బోడిగా మిగిలిందని త్వరగా పెరిగేది కావాలని దీన్నే వరసగా నాటారు. ఇప్పుడు అక్టోబరు, నవంబరు వచ్చిందంటే సాయంత్రం నుంచి తలుపులు మూసుకుని కూర్చుంటున్నాం. మా అత్తగారికి ఆస్తమా. పూత మొదలైతే నెబ్యులైజర్ పక్కనే పెట్టుకుని పడుకుంటారు. నీడ కోసం నాటిన చెట్టు కింద నిలబడలేకపోతే దానివల్ల లాభమేమిటి?

మొక్కల మాస్టారు
చాలా ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినవాడిని కాబట్టి ఇది నేను చెప్పాలి. ఏడాకుల చెట్టు అంటే సప్తపర్ణి, పరాయి దేశపు మొక్క కాదు, మన అడవుల్లోదే. బెరడు ఆయుర్వేదంలో జ్వరాలకు వాడతారు. ఒకప్పుడు ఈ చెక్కతోనే పిల్లల రాత పలకలు చేసేవారు, దాని శాస్త్రీయ నామంలో ‘స్కోలారిస్’ వచ్చింది అందుకే. శాంతినికేతన్‌లో పట్టాలిచ్చేటప్పుడు ఈ ఆకులే చేతికిచ్చేవారు. పూలకు పరాగం మోసేది పురుగులు, గాలి కాదు. అందుచేత పుప్పొడి వల్ల ఉబ్బసం అని ఊరంతా గోల పెట్టడానికి ఆధారం తక్కువ. వాసన ఘాటు, అంతవరకు ఒప్పుకుంటాను.

లాసన్స్‌బే అక్క
మాస్టారూ, శాంతినికేతన్‌లో ఆకులే ఇచ్చేవారు, మా వీధిలో పూలు పూస్తాయి. పుప్పొడో వాసనో నాకు అనవసరం, ఇంట్లో ముసలావిడకు ఊపిరాడటం లేదు. మీ ఇంటి గేటు ముందు ఎన్ని ఉన్నాయి?

మొక్కల మాస్టారు
నా గేటు ముందు వేప ఉంది. శాస్త్రం ఎవరి గేటును బట్టీ మారదమ్మా. తప్పు చెట్టుది కాదు, ఒకే జాతిని కిలోమీటర్ల పొడవునా పెట్టడం తప్పు. మధ్యమధ్యలో ఒకటి ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.

కంచరపాలెం ఆటో
మా దగ్గర ఒకాయన రాత్రికి రాత్రి కొట్టించేశాడు. దరిద్రం పోయింది.

మొక్కల మాస్టారు
అది నేరం. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. ఇలాంటి రాతలు చూసి రేపు ఇంకొకరు గొడ్డలి పట్టుకుంటారు.

కంచరపాలెం ఆటో
అనుమతి అడిగితే పూత కాలం దాటిపోయాక వస్తుంది సార్. జబ్బుపడేది మేము, చట్టం చెప్పేది మీరు.

ఉప్పుగాలి
చెట్టు గొడవ కాసేపు ఆపండి. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు 12న గంటకు 180 కిలోమీటర్లకు అటూ ఇటూ గాలి వీచింది. ఆ మర్నాడు మా వీధిలో పడినవి ఎక్కువగా పేవ్‌మెంట్ రాళ్ల మధ్య ఇరుక్కున్నవి, వేరు దిగడానికి చోటు లేక పైపైనే పాకినవి. తురాయి, నిద్రగన్నేరు పెళ్లలతో సహా లేచిపోయాయి. తాటిచెట్లు మాత్రం అలాగే నిలబడ్డాయి. సముద్రం దగ్గర నాటాలంటే కానుగ, పొన్న, బాదం, వేప, నేరేడు కలిపి నాటండి. మూడడుగుల గుంత తీయండి. చుట్టూ సిమెంటు వేయనివ్వకండి. ముఖ్యంగా వానలో నాటడం ఎవరైనా చేస్తారు, మార్చి నుంచి జూన్ దాకా నీళ్లు పోసేది ఎవరో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. ఆ పేర్లు లేకపోతే నాటొద్దు.

గాజువాక సేవాదళ్
పై మాట అందరూ గోడ మీద రాసుకోవాలి. మేము ఒక్కో మొక్కను ఎదురింటివాళ్లకు అప్పజెబుతాం, ఆ ఇంట్లో పిల్లల పేరు మొక్కకు పెడతాం. పేరు పెట్టిన మొక్క ఎండిపోతే పిల్లలే మా ఇంటికొచ్చి పోట్లాడతారు. మా రోడ్డు మీద ఇప్పుడు నీడ ఉందంటే అందుకే, గర్వంగా చెబుతున్నాను.

పెదజాలారిపేట
బీచ్ క్లీనింగ్ గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను చెబుతాను. మీరంతా ఆదివారం ఆరింటికి టీషర్టులేసుకుని వస్తారు, తొమ్మిదింటికి ఫొటో దిగి వెళ్తారు, సంచులు మాత్రం ఇసుకలోనే. మధ్యాహ్నానికి కుక్కలు చింపుతాయి, సాయంత్రం అలలకు మళ్లీ సముద్రంలోకే. బండి ఎన్నింటికి వస్తుందో ముందు మాట్లాడుకోకుండా ఒక్క సంచి కూడా కట్టొద్దు.
ఇంకోటి, ఇసుకలో పాకే ఊదారంగు పూల తీగ ఉంటుంది, దాన్ని కలుపు అనుకుని పీకేస్తున్నారు. ఇసుకను పట్టి ఉంచేది ఆ తీగే. అది పోతే గాలికి ఇసుకంతా మా గుమ్మాల్లోకే.

ఉప్పుగాలి
బాగా చెప్పావు అన్నా. జనవరి నుంచి మార్చి దాకా ఇంకా జాగ్రత్త కావాలి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. ఒక్కో గూటిలో వంద పైనే గుడ్లుంటాయి, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఆ కాలంలో పార, దంతె ఇసుకలో లోతుగా దించకూడదు, ట్రాక్టరు అసలే తిప్పకూడదు. గూడు కనిపిస్తే చేత్తో ముట్టుకోవద్దు, అటవీశాఖ వాళ్లకు చెప్పండి, వాళ్లే హేచరీకి (గుడ్లు పొదిగించే చోటికి) తీసుకెళ్తారు. పిల్లలు వెలుతురున్న వైపు నడుస్తాయి, సెల్‌ఫోన్ లైటు వేస్తే సముద్రం వదిలి రోడ్డెక్కుతాయి.

సాగర్‌నగర్ ట్రెక్కర్
రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే గుర్తింపు) వచ్చింది కదా, అక్కడ చేయండి, ఫొటోలు బాగా వస్తాయి, పిల్లలకు ఉత్సాహం.

పెదజాలారిపేట
అక్కడ ఊడవడానికి జీతగాళ్లున్నారు. చెత్త ఉన్నచోటికి రండి బాబూ. ఫొటో కోసమే అయితే మా వైపు రావొద్దు.

సాగర్‌నగర్ ట్రెక్కర్
ఫొటో పెడితేనే పది మంది కొత్తవాళ్లు వస్తారు. మీలా అందరినీ కసురుకుంటే ఎవరొస్తారు?

ఓ నెగెటివ్
మూడో పనికి వస్తున్నాను. డిసెంబరులో ఒక్కరోజు పెద్ద శిబిరం పెట్టి, రెండొందల మంది అని బ్యానరు కట్టే ఆలోచన ఉంటే మానుకోండి. ఎర్రకణాలు గరిష్ఠంగా 42 రోజులు నిలవుంటాయి, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. అన్నీ ఒక్కసారి తీసుకుంటే వాడకం కాకుండానే గడువు దాటేవి ఉంటాయి. కొరత వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో, కాలేజీలు మూసేసినప్పుడు. ప్లేట్‌లెట్ల కోసం పరుగులు పెట్టేది వానాకాలం డెంగీ రోజుల్లో. తలసీమియా అనే రక్తజబ్బు ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, వాళ్లకు మీ డిసెంబరు ఎందుకు?
బ్లడ్ బ్యాంకుకు వెళ్లి మీకు ఏ నెలలో ఎంతమంది కావాలని అడగండి. చిన్న జాబితా చేసుకోండి, 18 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లు, 45 కిలోలకు తగ్గనివాళ్లు, హిమోగ్లోబిన్ 12.5కు తగ్గనివాళ్లు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. ఫోన్ చేస్తే వచ్చేవాళ్లు పాతికమంది ఉన్న క్లబ్బు ఆ బ్యానరు కంటే వంద రెట్లు నయం.

కంచరపాలెం ఆటో
పెద్ద శిబిరాల్ని తక్కువ చేయకండి. మా తమ్ముడు మొదటిసారి రక్తమిచ్చింది అలాంటి దాంట్లోనే, ఇప్పుడు ఏ అర్ధరాత్రి పిలిచినా కేజీహెచ్ ఆసుపత్రికి వెళ్తాడు. సందడి లేకపోతే కుర్రాడికి ధైర్యం ఎలా వస్తుంది?

ఓ నెగెటివ్
ఒప్పుకుంటాను, మొదటిసారికి సందడి కావాలి. కానీ ఆ సందడి ఏప్రిల్‌లో పెట్టండి.

లాసన్స్‌బే అక్క
ఏడాకుల చెట్ల సంగతి తేలలేదు. కొమ్మలు కొట్టించడానికైనా ఎవరిని అడగాలి? పూత రాకముందే కత్తిరిస్తే చాలని ఒకరు చెప్పారు.

గాజువాక సేవాదళ్
పడగొట్టడం వేరు, కొమ్మలు దించడం వేరు. ఆగస్టులోనే వీధివాళ్లందరి సంతకాలతో అర్జీ ఇవ్వండి. వార్డు సచివాలయంలో శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ ఉంటారు, ముందు ఆయనకు. పని కాకపోతే సోమవారం పీజీఆర్‌ఎస్‌లో (ప్రజల ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమంలో). రసీదు నంబరు తప్పక తీసుకోండి. కుర్రాడు అడిగిన జీవీఎంసీ ప్రశ్నకూ ఇదే జవాబు, పెద్ద ఆఫీసుకు పరిగెత్తే ముందు సచివాలయం. చెత్త బండి ఏర్పాటు కూడా అక్కడే మాట్లాడండి.

పన్ను లెక్కల బాబాయి
రిజిస్ట్రేషన్ ప్రశ్న అందరూ దాటేశారు. చీపుర్లు పట్టడానికి కాగితం అక్కర్లేదు. చందాలు వసూలు చేసి బ్యాంకు ఖాతా తెరవాలంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం 2001 కింద నమోదు చేసుకోండి, కనీసం ఏడుగురు సభ్యులు చాలు. దాతలకు పన్ను మినహాయింపు ఇవ్వాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర వేరే నమోదు కావాలి, అది రెండో ఏడాది ఆలోచించొచ్చు. ఎవరో ఒక్కరి ఫోన్‌పేలోకి డబ్బులు మాత్రం వేయించొద్దు. మంచి క్లబ్బులు విడిపోయేది చెత్త దగ్గర కాదు, లెక్కల దగ్గర. ప్రతి నెలా ఖర్చు గ్రూపులో పెట్టేయండి, వంద రూపాయల టీ ఖర్చుతో సహా.

ఇంజనీరింగ్ మూడో ఏడు
పిల్లలు ఎందుకు మానేస్తారో నేను చెబుతాను, మానేసేది మేమే కాబట్టి. ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లకు 240 గంటలు చేయాలి, సర్టిఫికెట్ చేతికొచ్చాక చాలామంది ఆగిపోతారు. కానీ ఆగని వాళ్లను చూశాను, వాళ్లకు ఏదో ఒక పని పూర్తిగా అప్పజెప్పి ఉంటారు. నాకు మా వార్డు రక్తదాతల జాబితా ఇచ్చారు, ఫోన్లు చేసేది నేనే, ఎవరు రాగలరో ఎవరికి జ్వరమో నాకే తెలుసు. అలాంటప్పుడు మానేయాలని ఎందుకు అనిపిస్తుంది? పెద్దవాళ్లు మైకు పట్టుకుని మాట్లాడటం, మేము కుర్చీలు మోయడం అయితే రెండో వారమే సెలవు. ఆదివారం పొద్దున్న టిఫిన్ పెట్టినా ఆగరు అండి, బాధ్యత పెడితే ఆగుతారు.

ఉప్పుగాలి
ఇంటింటికీ వెళ్లేటప్పుడు ఒక ఐడీ కార్డు చేయించుకోండి. మమ్మల్ని చూసి ప్రభుత్వ వాలంటీర్లనుకుని పెన్షన్ ఎప్పుడిస్తారని అడిగేవారు, తడిచెత్త పొడిచెత్త మాట ఎత్తేలోపు తలుపు వేసేసేవారు.

మురళీనగర్ కుర్రాడు
చాలా థ్యాంక్స్. ఏడాకులు తీసేశాం, కానుగ, నేరేడు, వేప అడిగాం. శిబిరం ఏప్రిల్‌కు మార్చాం, బ్లడ్ బ్యాంకుకు రేపు వెళ్తున్నాం. మా వెనక గెడ్డ (వాగు) ఒకటి ఉంది, వానకు ప్లాస్టిక్‌తో పూడుకుపోయి ఇళ్లలోకి నీళ్లొస్తాయి. బీచ్ బదులు ముందు అదే చేద్దామా అనిపిస్తోంది.

పెదజాలారిపేట
అదే చెయ్యి. గెడ్డల్లో వేసిందంతా చివరికి మా వలల్లోనే పడుతుంది. కానీ పిల్లల్ని నీళ్లలోకి దించొద్దు, గాజుపెంకులు, సూదులు ఉంటాయి, లోతు తెలియదు. పూడిక తీయడం మెషీన్ల పని, అది అర్జీ పెట్టి చేయించు. మీరు గట్టు మీద చెత్త వేసే చోట్లు గుర్తించి, అక్కడ నిలబడి ఆపండి. నాలుగు టీషాపులు గ్లాసులు మారిస్తే సగం తగ్గుతుంది.

మొక్కల మాస్టారు
గట్టు మీద వెదురు, కానుగ వేస్తే మట్టి జారదు. మొక్కలు నేను చూపిస్తాను, ఆదివారం రాగలను.

లాసన్స్‌బే అక్క
మాస్టారూ, వస్తే దారిలో మా వీధికి కూడా రండి. పూత కాలంలో.