ఐర్లాండ్‌లో గుండ్రటి కందకం కనబడితే అది మఠం ప్రహరీయేనని ఎలా తేల్చాలి?

ప్రశ్న: పాత చర్చి శిథిలం చుట్టూ గట్టు, కందకం ఉంటే తొలి క్రైస్తవ మఠం ప్రహరీ అంటున్నారు. అదే కాలంలో రైతులూ ఇళ్ల చుట్టూ ఇలాంటి గట్లే వేసుకున్నారు కదా, వాటినే అక్కడ రాత్ అంటారు. తేడా దేన్నిబట్టి చెప్పాలి? కందకంలో దొరికిన బొగ్గుకు కాలనిర్ణయం చేయిస్తే చాలదా?

జవాబు 1: ముందు అడ్డకొలత చూడండి. రాత్‌లు ఎక్కువగా 20–40 మీటర్లుంటాయి. మఠాల ప్రహరీలు చాలావరకు 90–120 మీటర్లు, అంతకన్నా పెద్దవీ ఉన్నాయి. గట్టు చదునైపోయినా రోడ్డు వంపులోనో పొలం సరిహద్దులోనో ఆ గీత మిగులుతుంది. అయితే కొలత ఒక్కటీ చాలదు. శిలువ చెక్కిన రాతిపలక, గుంట తొలిచిన బులాన్ రాయి, పవిత్ర బావి, పాత శ్మశానం, వీటిలో రెండు మూడైనా తోడు రావాలి. ఊరిపేరు 'కిల్'తో మొదలైందని మురిసిపోకండి. ఐరిష్‌లో చర్చికి 'కిల్', అడవికి 'కొయిల్'. ఇంగ్లీషు స్పెల్లింగులో రెండూ 'కిల్' అయిపోయాయి.

జవాబు 2: శ్మశానం విషయంలోనూ జాగ్రత్త అండీ. మీత్ కౌంటీ రేస్‌టౌన్‌లో కందకాలు, సమాధులు, నీటి మరలు బయటపడ్డాయి, చర్చి మాత్రం లేదు. బాప్టిజం కాకుండా పోయిన పసిపిల్లల్ని పాడుబడ్డ రాత్‌లలో పూడ్చిన చోట్లూ ఉన్నాయి. నా దృష్టిలో గట్టి ఆధారం లోపలి స్థలాన్ని విభజించిన తీరు. డౌన్ కౌంటీ నెండ్రమ్‌లో ఒకదానిలో ఒకటిగా మూడు రాతిగోడలు: అన్నిటికన్నా లోపలి ఆవరణలో చర్చి, సమాధులు, దాని బయటి ఆవరణలో పనిశాలలు. ఒడ్డున ఆటుపోట్లతో తిరిగే పిండిమర కూడా ఉంది, దాని కలప వలయాల ప్రకారం 619 నాటిది.

జవాబు 3: బొగ్గు సంగతి. కందకాన్ని వాడినన్నాళ్లూ పూడిక తీస్తూనే ఉంటారు. కాబట్టి అడుగు మట్టి చెప్పేది చివరిసారి పూడిక తీసిన కాలాన్ని, మొదట తవ్విన కాలాన్ని కాదు. అందుకే గట్టునూ కందకాన్నీ కలిపి అడ్డంగా ఒకే కోత కొయ్యాలి. గట్టు కింద కప్పబడిన పాత నేల నుంచి ఒక నమూనా, కందకం అడుగు నుంచి ఒకటి తీస్తే నిర్మాణం ఆ రెండింటి మధ్య పడుతుంది. హేజెల్ కాయ పెంకు, మాడిన గింజ లాంటి ఒక్క ఏడాది పెరుగుదలనే పంపండి. ఓక్ చేవ బొగ్గయితే వందేళ్లు, ఇంకా ఎక్కువా పాతగా చూపిస్తుంది. సముద్రపు చేపలు బాగా తిన్నవాళ్ల ఎముకలదీ అదే తంటా. అడుగు నీటితో ఉంటే ఆరనివ్వొద్దు, తోలూ కలపా చీలిపోతాయి. స్కాట్లాండ్ అయోనా దీవిలో 1979 తవ్వకంలో తోలు చెప్పులు దక్కింది ఆ తడివల్లే.

ప్రశ్న వేసినవారు: అయోనాలో అక్కడి మఠం స్థాపించిన సన్యాసి కొలంబా కాలం రుజువైందని చదివాను. అది ప్రహరీకేనా?

జవాబు 3: కాదండీ. 1957లో టోర్ ఆన్ ఆబా గుట్ట మీది గుడిసెలో తీసిన హేజెల్ బొగ్గు అది. 2017లో ప్రకటించిన ఫలితం 540–650. కొలంబా 597లో చనిపోయారు కనుక ఆ గుడిసెకు సరిపోతుంది. ఆ తేదీని కందకానికి అంటగట్టకూడదు.