విమానం కిటికీకి ఏ సీలెంట్ మంచిది?

ఒంగోలు దగ్గర మా షెడ్డులో ఇద్దరు పట్టే చిన్న విమానం కట్టుకుంటున్నాం. ఇప్పుడు పక్క కిటికీల పని నడుస్తోంది. అల్యూమినియం ఫ్రేములో 3 మి.మీ. యాక్రిలిక్ (అద్దంలా ఉండే ప్లాస్టిక్) షీటు. వేడికి యాక్రిలిక్ అల్యూమినియం కంటే దాదాపు మూడు రెట్లు పెరుగుతుంది, పైగా మా రోహిణి ఎండలు తెలిసినవేగా! అందుకే స్క్రూ రంధ్రాలు కాస్త వదులుగానే వేశాను.

చిక్కల్లా సందులు మూసే సీలెంట్‌తోనే. ఇక్కడి షాపులో ఇచ్చిన సిలికాన్ ట్యూబు మూత తీస్తే గుప్పున వెనిగర్ వాసన. ఆ రకం అల్యూమినియాన్ని తినేస్తుంది, ఉప్పుగాలి ఎలాగూ ఉంది. పక్కన పడేశాను. న్యూట్రల్ క్యూర్ సిలికాన్ (ఆ వెనిగర్ ఆమ్లం వదలని రకం) వాడాలా, పాలీసల్ఫైడా (రబ్బరులా గట్టిపడే ఇంకో రకం సీలెంట్)? ఏది వాడితే యాక్రిలిక్‌లో సన్న పగుళ్లు రావు? మధ్యలో రబ్బరు పట్టీ వేస్తే స్క్రూ ఎంతవరకు బిగించాలి? యాక్రిలిక్ బదులు పాలికార్బొనేట్ అనే ఇంకో ప్లాస్టిక్ మాత్రం వద్దు, పెట్రోలు తగిలితే పాడవుతుంది. చేసి చూసినవాళ్లు చెప్పండి.