భార్య కడుపుతో ఉన్నప్పుడు శవపేటిక తాడు పట్టుకోవచ్చా? (స్కాట్లాండ్)

పరకాల_పద్మ:
అందరికీ నమస్తే. మాది పరకాల. మా చెల్లె వాళ్లు నాలుగేళ్లుగా స్కాట్లాండ్‌లో పీటర్‌హెడ్ దగ్గర ఒక చిన్న సముద్రపు ఊళ్లో ఉంటున్నారు. ఊరంతా చేపల పడవల మీద బతికినవాళ్లే, ఎవరిని కదిపినా ఇంకొకరికి ఏదో ఒక వరుస అవుతారట. పక్కింటి ముసలాయన పోయిన వారం చనిపోయాడు. చెల్లె మొదటి కాన్పప్పుడు రాత్రి రెండింటికి మంచులో కారు తీసి ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆయనే, అంత దగ్గరివాళ్లు. ఇప్పుడు సమస్య ఏంటంటే ఆయన భార్య మా మరిదికి ఒక చిన్న కార్డు ఇచ్చింది. దాని మీద శవపేటిక బొమ్మ, చుట్టూ నంబర్లు, ఈయనది 6. అంటే పెట్టెను గోతిలోకి దించేటప్పుడు ఆరో తాడు ఈయన పట్టుకోవాలట. చెల్లెకు ఇప్పుడు ఐదో నెల. భార్య కడుపుతో ఉంటే మొగుడు పాడె మోయొద్దని మా దగ్గర గట్టి పట్టింపు. వాళ్ల అత్తమ్మ ఫోన్ పెట్టకుండా ఏడుస్తుంది. మరిదేమో "ఆ ముసలమ్మకు ఏమని చెప్పాలె" అని తల పట్టుకున్నాడు. ఇంకోటి, వారం దాటినా అంత్యక్రియలు కాలేదు, వచ్చే శుక్రవారమట! అక్కడ మామూలేనా? అన్నం వండి పట్టుకుపోతే ఏమన్నా అనుకుంటారా?

అబర్డీన్_రిటర్న్:
ఆరేళ్లు అబర్డీన్‌లో ఉండి వచ్చాను, ఇప్పుడు హన్మకొండ. వారం పది రోజులు పట్టడం అక్కడ మామూలే. మరణం నమోదు చేయించడానికే 8 రోజుల గడువు ఉంటుంది, ఇక చర్చి, శ్మశానం, దూరం నుంచి వచ్చేవాళ్లు, అన్నీ కుదరాలి. తాడు సంగతి మాత్రం చిన్నది కాదు. మామూలుగా ఎనిమిది తాళ్లు ఉంటాయి, తల దగ్గరి 1వ నంబరు అందరికంటే దగ్గరివాళ్లకు, మిగతావి చుట్టాలకు, ప్రాణ స్నేహితులకు. అందులో ఒకటి పక్కింటి తెలుగాయనకు ఇచ్చారంటే ఏ మేనల్లుడినో పక్కన పెట్టి ఇచ్చినట్టే. బరువు గురించి భయం వద్దు, అంత్యక్రియలు జరిపించేవాళ్లు పక్కనే ఉండి ఎప్పుడు వదలాలో చెప్తారు. పట్టుకోలేను అంటే తప్పేం లేదు, కానీ ముందే చెప్పాలి, గోతి దగ్గర నిలబడ్డాక కాదు. నడుం నొప్పి అని అబద్ధం కూడా వద్దు. మా ఇంట్లో ఈ పట్టింపు ఉంది అంటే వాళ్లకు బాగానే అర్థమవుతుంది. పాతకాలం చేపలవాళ్లు పడవ మీద పంది పేరు ఎత్తేవాళ్లు కాదు, పాస్టర్ అనే మాట కూడా అంతే!

అన్నం పట్టుకుపోవచ్చు, కారం తగ్గించండి. అక్కడ సూప్, కేకు పట్టుకొస్తారు. మాటలు తక్కువ మనుషులు, చేతల్లోనే చూపిస్తారు. 1988లో స్కాట్లాండ్‌లోనే లాకర్బీ అనే ఊరి మీద విమానం పేలి పడి 270 మంది పోయారు, అందులో 11 మంది ఆ ఊరివాళ్లే. అంత దుఃఖంలో ఉండి కూడా అక్కడి ఆడవాళ్లు చనిపోయిన ప్రయాణికుల బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి వాళ్ల ఇళ్లకు చేర్పించారు.

ఓరుగల్లు_మామ:
అమ్మా పద్మా, మాది హసన్‌పర్తి దిక్కు. పట్టింపు ఉన్న మాట నిజమే. మా పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు మా దోస్తు నాయిన పోయిండు, నేను పాడె పట్టలేదు. అట్లని ఇంట్లో కూర్చోలేదు. టెంటు, కుర్చీలు, కట్టెలు, డప్పోళ్లకు చెప్పి రావుడు, వచ్చిన చుట్టాలకు చాయ్, మూడో రోజు పిట్టకు పెట్టేదాకా ఆ పనులన్నీ నావే. వాడు ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. తాడు ఇంకొకరికి ఇమ్మను, మరిదిని పనికి నిలబడమను. కాన్పు దాకా ఇంట్లో టెన్షన్ ఎందుకు? అన్నం గురించి అడుగుడేంది బిడ్డా, పట్టుకపోవాలె. మా వాడల శవం లేచేదాకా పక్కిండ్లల్ల పొయ్యి అంటుకోదు, ఆ తర్వాత ఆ ఇంటికి నాలుగిండ్ల నుంచి గిన్నెలు పోతయి.

నక్కలగుట్ట_ఫ్లాట్:
మామ చెప్పింది పల్లె సంగతి. మా అపార్ట్‌మెంట్‌లో ఎదురు ఫ్లాట్ పెద్దాయన పోయిన సంగతి నాకు ఫ్రీజర్ బాక్స్ పైకి వస్తుంటే తెలిసింది. గ్రూపులో 46 మంది ఓం శాంతి పెట్టారు, కిందికి దిగింది ఆరుగురం, పాడెకు నాలుగో మనిషి లేక వాచ్‌మన్‌ను పిలిచారు. అది చూశాక నా మాట ఒక్కటే, పిలిచి తాడు చేతికిస్తే పట్టుకోవాలి. భుజం మీద పాడె మోయడం వేరు, తాడు వేరు. అయినా అత్తమ్మకు చెప్పాల్సిన పనేముంది?

ఓరుగల్లు_మామ:
దాచితే రేపు పిల్లకు జలుబు చేసినా దానికే ముడిపెడతరు. చెప్పి చేయాలె.

పరకాల_పద్మ:
అందరికీ థాంక్స్. మరిది నిన్న వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ముసలమ్మ కార్డు తీసుకుని ఈయన పేరు కొట్టేసి మనవడి పేరు రాసిందట. వాడికి పదిహేడేళ్లు, భయపడుతున్నాడు, నువ్వు వాడి వెనక నిలబడు చాలు అందట. అత్తమ్మ గొణుక్కుంటూనే సరే అంది. చెల్లె పప్పు, అన్నం పంపితే ముసలమ్మ గిన్నె కడిగి అందులో స్కోన్లు (అక్కడి చిన్న బన్నుల్లాంటివి) పెట్టి తిరిగి ఇచ్చింది. చావింటి నుంచి వచ్చినవి కడుపుతో ఉన్నపిల్ల తినొచ్చా అని ఇప్పుడు మా అమ్మ పట్టుకుంది. ఆ ప్రశ్న ఇక్కడ అడగట్లేదు, చెల్లె తినేసింది.