అప్‌డేట్: హోండా సిటీ వీటెక్ వణుకు పోయింది, కారణం లోపలి సీవీ జాయింట్

అందరికీ నమస్కారం. నా 2001 సిటీ వీటెక్ గేర్‌బాక్స్‌ను ఇంటి దగ్గరే దించి కొత్త క్లచ్ సెట్టు, ఇంజన్ మౌంట్లు వేశాక, 60–80 కి.మీ. స్పీడు మధ్య యాక్సిలరేటర్ తొక్కితే బండంతా వణుకుతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. కారణం దొరికింది.

"కాలు తీస్తే వణుకు ఆగుతోందా? ఆగితే లోపలి సీవీ జాయింట్ చూడు" అని జవాబిచ్చిన అన్నకు చాలా థాంక్స్. సరిగ్గా అదే. గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ డ్రైవ్‌షాఫ్ట్, దాని రెండు చివర్లా ఉండే కీళ్ళే సీవీ జాయింట్లు: లోపలిది గేర్‌బాక్స్ వైపు, బయటిది చక్రం వైపు. అనంతపురంలో ఒక పెద్దాయన షెడ్డులో ఎడమ డ్రైవ్‌షాఫ్ట్ విప్పించాం. లోపలి జాయింట్ మీది రబ్బరు తొడుగు (బూటు) ఎప్పుడో చిరిగి గ్రీజంతా కారిపోయింది, దుమ్ము లోపలికి చేరింది. జాయింట్ లోపల మూడు రోలర్లు కదిలే గాడుల్లో వేలికి తగిలేంత గుంటలు! లోడు పడినప్పుడు రోలర్లు ఆ గుంటల్లో చిక్కుకుంటాయి, అందుకే వణుకు. బయటి జాయింట్ అరిగితే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటకమంటుంది. నాకు ఆ శబ్దం రాలేదు, అందుకే షాఫ్ట్ మీద అనుమానమే పోలేదు. గేర్‌బాక్స్ దించిన రోజు షాఫ్టులు నా చేతుల్లోనే ఉన్నాయి, అప్పుడే బూట్లు విప్పి చూడాల్సింది.

వీల్ బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించాను, గేర్ ఆయిల్ మార్చాను. ఈ సమస్యకు రెండూ సంబంధం లేనివే. క్లచ్‌లో కూడా ఏ తప్పూ లేదు, టెన్షన్‌తో దాన్ని మళ్ళీ విప్పకపోవడమే మంచిదైంది.

షాఫ్ట్ మొత్తం మార్చాను. షాఫ్ట్‌ను చక్రం దగ్గర బిగించే యాక్సిల్ నట్టు పాతది వాడకండి, కొత్తది బిగించి దాని అంచును షాఫ్ట్ గాడిలోకి కొట్టాలి. నిన్న హైవే మీద పెనుకొండ దాకా వెళ్ళొచ్చాను. ఏ స్పీడులోనూ వణుకు లేదు.