ఫెర్గూసన్ రైఫిల్‌ను మూలన పడేసింది జనరళ్ల మొండితనమా, గ్యాస్ లీకా?

కాకినాడ_చరిత్ర:
1776 జూన్ 1న లండన్ దగ్గర వూల్‌విచ్‌లో పాట్రిక్ ఫెర్గూసన్ అనే స్కాట్లండ్ కెప్టెన్ పెద్ద పెద్ద సైనికాధికారుల ముందు తన రైఫిల్ కాల్చి చూపించాడు. ఆ రోజు వాన, దానికి తోడు ఈదురుగాలి. 200 గజాల దూరంలో గురి. నిమిషానికి నాలుగు గుళ్ల చొప్పున నాలుగైదు నిమిషాలు ఆపకుండా కాల్చాడు. ఒక నిమిషంలో అయితే ఆరు కాల్చాడు. ముందుకు నడుస్తూ కూడా నిమిషానికి నాలుగు. చివర్లో గొట్టంలో నీళ్లు పోసి, తడిసిన మందు తీసేసి, కాసేపట్లోనే మళ్లీ పేల్చాడు. అన్నిట్లో గురి తప్పినవి మూడే.

ఇది వెనక నుంచి నింపే తుపాకీ. ట్రిగ్గర్ గార్డును ఒక్క చుట్టు తిప్పితే, గొట్టం వెనక భాగంలో నిలువుగా ఉన్న మర కిందికి దిగి పైన రంధ్రం తెరుచుకుంటుంది. గుండు వేసి, మందు పోసి, గార్డు తిరిగి బిగిస్తే సరి. పడుకుని కూడా నింపుకోవచ్చు. అప్పటి సిపాయిల మామూలు తుపాకీ మస్కెట్‌కు మూతిలో మందు పోసి, గుండు పెట్టి, ఇనప చువ్వతో దట్టించాలి. ఆ పని నిలబడి చేయాల్సిందే, అంతసేపూ శత్రువుకు ఎదురుగా!

మరి ఏం చేశారు? సుమారు వంద చేయించారు. 1777 సెప్టెంబర్ 11న అమెరికాలో బ్రాండీవైన్ యుద్ధంలో ఫెర్గూసన్ మోచెయ్యి నుజ్జయింది, ఆయన దళాన్ని రద్దు చేశారు. 1780లో కింగ్స్ మౌంటెన్ దగ్గర ఆయన చనిపోయాడు. బ్రిటిష్ పదాతి దళం మొత్తానికీ వెనక నుంచి నింపే తుపాకీ ఇవ్వాలని నిర్ణయం జరిగింది 1866లో, స్నైడర్ అనే తుపాకీతో. మధ్యలో 90 ఏళ్లు పోయాయి. చేతిలో ఉన్నదాన్ని చూసి కూడా వద్దనుకున్నారంటే అది పై అధికారుల మొండితనం తప్ప మరొకటి కాదని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

విజయవాడ_వర్క్‌షాప్:
కాదనేవాణ్ని నేను ఉన్నాను సార్. లేత్ మీద పనిచేసేవాణ్ని కాబట్టి నాకు కనిపించేది చెప్తాను.

ఫెర్గూసన్ మర గొప్ప పనితనమే. ఒక్క చుట్టులో అంత కిందికి దిగాలంటే పక్కపక్కనే అనేక వరసల త్రెడ్ కోయాలి, దానికి సరిపడా ఆడ త్రెడ్ గొట్టంలో కోయాలి. 1776లో ఇదంతా చేతిపనే. ఏ తుపాకీ మర ఆ తుపాకీకే సరిపోతుంది, ఇంకోదానికి పట్టదు. బర్మింగ్‌హామ్‌లో నలుగురు తుపాకీ పనివాళ్లు కలిసి చేస్తే వంద తయారయ్యాయి. సైన్యానికి కావాల్సింది వేలకు వేలు. పైగా ఆ మర కోసం సరిగ్గా కర్ర బలంగా ఉండాల్సిన చోటే తొలిచేశారు. ఈరోజు మ్యూజియంలో ఉన్న వాటిలో ఒకదానికి అక్కడే ఇనప పట్టీ వేసి బాగు చేసిన గుర్తు కనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. వెనక నుంచి నింపాలనే ఆలోచన కొత్తదేం కాదు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కోసం 1537లో చేసిన అలాంటి తుపాకీ ఇప్పటికీ ఉంది. మందూ గుండూ నింపిన చిన్న ఇనప గొట్టాన్ని వెనక నుంచి పెట్టి మూత వేయడమే. అంటే ఫెర్గూసన్‌కు 239 ఏళ్ల ముందే ఆలోచన సిద్ధం. లేనిది సీలు. తలుపు ఎంత బాగా బిగించినా ఇనుముకు ఇనుము ఆనించిన చోట సందు ఉంటుంది, పేలినప్పుడు గ్యాస్ ఆ సందులోంచి తన్నుకొస్తుంది. ఆ సందును ఏ జనరల్ సంతకమూ పూడ్చలేదు.

కొత్తగా_చేరాను:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. కొంచెం గ్యాస్ పోతే అంత నష్టం ఏముంది?

విజయవాడ_వర్క్‌షాప్:
మంచి ప్రశ్న తమ్ముడూ. ఒకటి, గుండును తోయాల్సిన ఒత్తిడి వృథా అవుతుంది, దూరం తగ్గుతుంది. రెండు, ఆ మంట కాల్చేవాడి కంటికీ చెంపకూ జానెడు దూరంలో వస్తుంది. కళ్లు మూసుకుని ఎవరూ గురి చూడలేరు కదా. మూడు, వేడి గ్యాస్ వెళ్లిన దారిలో ఇనుమును కోసేస్తుంది. ఈరోజు వెంట్రుక మందం ఉన్న సందు రేపు ఇంకా పెద్దదవుతుంది. నాలుగు, ఆ కాలపు నల్లమందు కాలాక దాని బరువులో సగానికి పైగా మసిగా, ఉప్పుగా మిగిలిపోతుంది. అది వెళ్లి కదిలే భాగాల్లో పేరుకుంటుంది. పోను పోను మర తిరగడం కష్టమవుతుంది.

దీనికి విరుగుడు చివరికి తూటాలో దొరికింది. మన ఊళ్లలో బోరింగు పంపు లోపల తోలు వాషర్ చూసే ఉంటావు. నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ వాషర్ అంచు విచ్చుకుని గొట్టం గోడను గట్టిగా పట్టేస్తుంది. పల్చటి ఇత్తడి తూటా ఖోకా, అంటే మందు ఉండే తొడుగు కూడా అంతే. మందు పేలగానే ఉబ్బి గోడకు అతుక్కుంటుంది, గ్యాస్‌కు దారే ఉండదు. ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుంటుంది కాబట్టి బయటికి లాగేయొచ్చు. అంటే సీలు తుపాకీలో లేదు, పారేసే ఖోకాలో ఉంది. గుండుకో కొత్త సీలు అన్నమాట. తుపాకీ చేసేవాళ్లు మూడొందల ఏళ్లు తలుపు దగ్గర వెతికిన జవాబు ఇదే. నాకైతే ఈ కథ మొత్తంలో ఇదే అందమైన భాగం.

లెక్చరర్_వరంగల్:
వర్క్‌షాప్ గారు చక్కగా చెప్పారు. కానీ ఆ వాదనకు అడ్డు నిలిచే తుపాకీ ఒకటుంది, ప్రష్యా (ఆనాటి జర్మన్ రాజ్యం) వాళ్ల డ్రైజే సూది తుపాకీ.

నికొలస్ డ్రైజే ఊరు జర్మనీలోని జొమ్మెర్డా. ఆయన తుపాకీలో తలుపు గడియలాంటి బోల్ట్ ఉంటుంది. పిడి పైకెత్తి వెనక్కి లాగాలి, కాగితం తూటా పెట్టాలి, ముందుకు తోసి గడియ వేయాలి. ట్రిగ్గర్ నొక్కితే పొడవాటి సూది కాగితాన్ని చీల్చుకుని, మందు మధ్యలోంచి వెళ్లి, గుండు వెనక ఉన్న రంజకాన్ని (గుచ్చితే మండి మందును అంటించేది) గుచ్చుతుంది. అంటే సూది ప్రతిసారీ మంటల్లో కాలుతుంది. అందుకే తరచూ విరిగేది, సిపాయిలు విడి సూదులు దగ్గర పెట్టుకునేవాళ్లు. ఇక గ్యాస్ లీకంటారా, పుష్కలంగా! మొహం కాలుతుందని చాలామంది తుపాకీని భుజానికి కాకుండా నడుం దగ్గర పెట్టి కాల్చేవాళ్లు.

ఇన్ని లోపాలు తెలిసీ ప్రష్యా దాన్ని తీసుకుంది. మొదటి ఆర్డరే 60,000. అదీ 1840 చివర్లో. ఇత్తడి ఖోకా ఏ సైన్యానికీ అందని రోజులవి. తర్వాత ఏమైందో చూడండి. 1864 జులై 3న డెన్మార్క్‌లోని లుండ్‌బీ ఊరి దగ్గర డేనిష్ కంపెనీ ఒకటి బాయినెట్లు పట్టుకుని వరసగా ప్రష్యన్ల మీదికి వచ్చింది. కొద్ది నిమిషాల్లో వాళ్లలో దాదాపు సగం మంది పడిపోయారు లేదా పట్టుబడ్డారు. ప్రష్యన్ల వైపు గాయపడింది ముగ్గురు. సరిగ్గా రెండేళ్లకు, 1866 జులై 3న కోనిగ్‌గ్రాట్జ్ దగ్గర ఆస్ట్రియా సైన్యానికీ అదే గతి పట్టింది. ఖైదీలతో కలిపి ఆస్ట్రియా పక్షం 40 వేలకు పైగా నష్టపోతే ప్రష్యా నష్టం 9 వేల చిల్లర. ఆస్ట్రియా చేతిలోని లోరెంజ్ రైఫిల్ మూతి నుంచి దట్టించేదే అయినా సూది తుపాకీ కంటే దూరం వెళ్లేది, గురి కూడా మెరుగు. కాకపోతే ఆస్ట్రియా అధికారులు దూరం నుంచి కాల్చడం మానేసి, సిపాయిలను గుంపులుగా బాయినెట్లతో పరిగెత్తించారు.

కాబట్టి లీకు కారే తుపాకీతోనే యుద్ధం గెలవొచ్చని తేలింది. సీలు లేకపోవడం అడ్డంకి అయితే ప్రష్యాకు ఎందుకు కాలేదు? పడుకుని నింపే సిపాయి ఎంత విలువైనవాడో ఒకళ్లు ముందే గుర్తించారు, మిగిలినవాళ్లు దెబ్బ తిన్నాక గుర్తించారు.

డల్లాస్_తెలుగు:
లెక్చరర్ గారూ, ప్రష్యా మొదటిది కాదండీ. అమెరికా 1819లోనే జాన్ హాల్ రైఫిల్‌ను తీసుకుంది. గొట్టం వెనక ముక్క పైకి లేస్తుంది, అందులో మందూ గుండూ వేసి కిందికి నొక్కాలి. హార్పర్స్ ఫెర్రీ ఆయుధ కర్మాగారంలో సుమారు 20 వేలు చేశారు. దాని అసలు గొప్ప ఏంటంటే ఏ తుపాకీ భాగమైనా ఇంకో తుపాకీకి సరిపోవడం. వర్క్‌షాప్ గారు చెప్పిన "ఏ మర ఆ తుపాకీకే" అన్న సమస్యను హాల్ మిషన్లతో, గేజ్‌లతో పరిష్కరించాడు. అయినా ఆ అతుకు దగ్గర గ్యాస్ లీక్ ఆగలేదు, సైన్యం మళ్లీ మూతి నుంచి దట్టించే వాటికే వెళ్లింది.

అంతర్యుద్ధం టైమ్‌లో ఆయుధ విభాగం అధిపతి జేమ్స్ రిప్లీని అందరూ తిడతారు, కొత్త తుపాకులను అడ్డుకున్నాడని. నా దృష్టిలో ఆయనకు కొంత న్యాయం జరగాలి. 1861లో లక్షల మందికి వెంటనే ఏదో ఒక తుపాకీ ఇవ్వాలి. మూతి నుంచి దట్టించే స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ చేయడం అప్పటికే వచ్చు, తూటా అన్నిటికీ ఒకటే. అక్కడ సాహసం చేసి ఉంటే సిపాయిలు ఖాళీ చేతులతో నిలబడేవాళ్లు.

విజయవాడ_వర్క్‌షాప్:
థాంక్స్ డల్లాస్ గారూ, నా వాదనకు హాల్ రైఫిల్ కంటే మంచి సాక్ష్యం లేదు.

లెక్చరర్ గారూ, సూది తుపాకీ గెలిచింది ఎవరి మీద? మూతి నుంచి దట్టించేవాళ్ల మీద. సీలు ఉన్నవాడు ఎదురైనప్పుడు ఏమైందో కూడా చెప్పాలి కదా. ఫ్రాన్స్ 1866లో షాస్‌పో తుపాకీ తెచ్చింది. అదీ సూదే, అదీ కాగితం తూటానే. అసలు తేడా, బోల్ట్ ముందు రబ్బరు రింగు. పేలినప్పుడు ఒత్తిడికి రబ్బరు నలిగి పక్కలకు ఉబ్బి సందు మూసేస్తుంది. ఆ ఒక్క రింగు వల్ల మందు ఎక్కువ వేయగలిగారు, గుండు 11 మిల్లీమీటర్లకు సన్నబడింది, 1,200 మీటర్ల దాకా గురి గుర్తులు పెట్టారు. సూది తుపాకీకి పని జరిగేది 600 మీటర్ల లోపే. 1870 ఆగస్టు 18న సెయింట్ ప్రివా దగ్గర ప్రష్యన్ గార్డ్ దళం బయలు నేల మీద ఎదురెళ్లి సుమారు 8 వేల మందిని పోగొట్టుకుంది. ఆ యుద్ధాన్ని ప్రష్యా గెలిచింది క్రుప్ ఉక్కు ఫిరంగులతో, మెరుగైన నాయకత్వంతో. గెలిచిన మరుసటి ఏడాదే సూది తుపాకీని వదిలేసి, లోహపు తూటా వాడే మౌజర్‌కు మారింది. విజేతే పక్కన పెట్టిన తుపాకీని నాకు ఉదాహరణగా చూపిస్తే ఎలా అండీ?

మన్యం_మాస్టారు:
ఐరోపా, అమెరికాల దగ్గరే ఆగారు. మన దగ్గర ఏం జరిగిందో ఒక మాట.

1857లో గొడవ రేపిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ మూతి నుంచి దట్టించేదే. కొవ్వు పూసిన కాగితం తూటాను పళ్లతో చింపి మందు పోయాలి, ఆ కొవ్వు ఆవుదో పందిదో అన్న అనుమానం. తిరుగుబాటు అణిచాక బ్రిటిష్‌వాళ్లు ఒక లెక్క పెట్టుకున్నారు: భారతీయ సిపాయి చేతిలో ఆయుధం ఎప్పుడూ తెల్ల సిపాయి కంటే ఒక తరం వెనకబడి ఉండాలి. ఎన్‌ఫీల్డ్ లోపలి గాడులు లేకుండా నున్నగా చేసి మరీ ఇచ్చారు, దూరం, గురి తగ్గేలా! బ్రిటిష్ దళాలకు స్నైడర్ వచ్చాక కూడా మనవాళ్లు చాలాకాలం చువ్వతోనే దట్టించారు. మనవాళ్లకు స్నైడర్ వచ్చేసరికి వాళ్లు మార్టినీ-హెన్రీ అనే ఇంకా కొత్త తుపాకీకి వెళ్లిపోయారు. 1880లో అఫ్ఘానిస్తాన్‌లో మైవాండ్ యుద్ధంలో ఒకే వరసలో నిలబడి పోరాడినా 66వ బ్రిటిష్ రెజిమెంట్‌కు మార్టినీ-హెన్రీ, పక్కనున్న భారతీయ సిపాయిల దళం బొంబాయి గ్రెనేడియర్లకు స్నైడర్. ఆ రోజు రెండు దళాలూ ఘోరంగా దెబ్బతిన్నాయి.

ఇక్కడ గ్యాస్ లీకు ప్రశ్నే లేదు. తుపాకీ ఉంది, తూటా ఉంది, ఇవ్వకూడదన్న నిర్ణయం ఉంది. అందుకే "టెక్నాలజీ సిద్ధమైతే దానంతట అదే వస్తుంది" అన్న మాట నేను ఒప్పుకోను. మన ఏజెన్సీలో అడవి పందుల్ని తోలడానికి పెట్టుకునే నాటు తుపాకీలు ఇప్పటికీ మూతి నుంచి దట్టించేవే. 1878 ఆయుధ చట్టం నుంచి లైసెన్సు లేకుండా తుపాకీ పట్టనివ్వలేదు. ఊరి కమ్మరి గుట్టుగా చేయగలిగింది అదే.

కాకినాడ_చరిత్ర:
మాస్టారూ, మీ పోస్టు చదివి మనసు చివుక్కుమంది. ఆ "ఒక తరం వెనక" లెక్క గురించి పాఠ్యపుస్తకాల్లో ఉండాలి.

వర్క్‌షాప్ గారికి నా జవాబు. సీలు తూటాలో ఉందన్నారు, ఒప్పుకుంటాను. మరి ఆ తూటా ఎప్పుడు పుట్టింది? 1812లో! స్విస్‌వాడు సామ్యూల్ పౌలీ పారిస్‌లో పేటెంట్ తీసుకున్నాడు. ఇత్తడి అడుగు, అందులోనే రంజకం, మందు, గుండు, అన్నీ ఒకే తూటాలో. నెపోలియన్ సైన్యం దాన్ని తీసుకోలేదు. ఆ పౌలీ వర్క్‌షాప్‌లోనే పని నేర్చుకున్న కుర్రాడు తర్వాత ప్రష్యాకు వెళ్లి సూది తుపాకీ చేశాడు, ఆయనే డ్రైజే. అంటే జవాబు కూడా కళ్ల ముందే ఉంది. 1812 నుంచి 1866కి ఇంకో 54 ఏళ్లు. దీన్ని కూడా గ్యాస్ ఖాతాలో రాస్తారా?

విజయవాడ_వర్క్‌షాప్:
రాయను, ఇత్తడి ఖాతాలో రాస్తాను. పౌలీ తూటా అడుగును ఒక్కొక్కటిగా లేత్ మీద తిప్పి చేయాలి. వేటకెళ్లే జమీందారు పది కొనుక్కుని, ఏరుకుని, మళ్లీ నింపుకుంటాడు. సిపాయికి కోట్లలో కావాలి, కాల్చి పారేసేంత చవగ్గా. వూల్‌విచ్‌లో ఎడ్వర్డ్ బాక్సర్ చేసింది ఆ పనే. పల్చటి ఇత్తడి రేకును చాపలా చుట్టి ఖోకా చేశాడు. పేలితే చుట్ట కాస్త విప్పుకుని గోడను పట్టేస్తుంది. స్నైడర్ తుపాకీ కొత్తగా చేసింది కూడా కాదు. ఉన్న ఎన్‌ఫీల్డ్ గొట్టం వెనక కోసి, పక్కకు తెరుచుకునే దిమ్మ బిగించారు. కాల్చాక దిమ్మ తెరిచి వెనక్కి లాగి, తుపాకీ తిరగేసి దులిపితే ఖోకా కింద పడుతుంది. నిమిషానికి పది గుళ్లు. చవక తూటా, పాత తుపాకీ, రెండూ కలిసిన రోజు ఒక్క జనరల్ కూడా అడ్డం పడలేదు.

లెక్చరర్_వరంగల్:
అడ్డం పడలేదు, ఎందుకంటే అప్పటికే భయపడ్డారు. బ్రిటిష్‌వాళ్లు ఎన్‌ఫీల్డ్‌లను మార్చాలని కమిటీ వేసింది 1864లో, డెన్మార్క్ యుద్ధం నడుస్తున్న ఏడాది. అప్పటికి బాక్సర్ తూటా ఇంకా రాలేదు, స్నైడర్‌తో ముందు ప్రయత్నించిన తూటా వేరు, అది సరిగ్గా పనిచేయలేదు. అంటే నిర్ణయం ముందు, ఇత్తడి తర్వాత. కావాలనుకున్నాక రెండేళ్లలో తూటా తయారైంది. అంతకు ముందు యాభై ఏళ్లు ఎవరూ ఆ డబ్బు, ఆ మనుషులను ఆ పని మీద పెట్టలేదు. వర్క్‌షాప్ గారు దీనికి జవాబిస్తే చదవాలని ఉంది.