ఆన్‌లైన్ ఆర్డర్లు, ఫోన్ పేమెంట్ల మోసాలు: మన గోదావరి వాళ్ళకి ఎదురైనవి ఇక్కడ చెప్పండి

ఆత్రేయపురం నుంచి:
మాది పూతరేకుల వ్యాపారం. వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకుని కొరియర్‌లో పంపుతాం. మొన్న ఒకతను హిందీలో ఫోన్ చేసి, మిలిటరీ ఆఫీసర్‌నని, ఫంక్షన్‌కి వంద బాక్సులు కావాలని అన్నాడు. యూనిఫాం ఫొటో, ఐడీ కార్డు కూడా పంపాడు. రేటు బేరమాడలేదు. బెల్లంవా, పంచదారవా అని అడిగితే ఏవైనా ఫరవాలేదన్నాడు. మా ఆవిడకి అక్కడే అనుమానం వచ్చింది. కాసేపటికి క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, అడ్వాన్స్ మీ ఖాతాలో పడుతుంది" అన్నాడు. ఫోన్ పెట్టేశాం. పండగ సీజన్ వస్తోంది, ఇంకెవరికైనా ఇలాంటివి వచ్చాయా?

కడియం నర్సరీ:
మాకూ వచ్చిందన్నయ్యా, క్యాంపులో నాటడానికి మొక్కలని. పిన్ కొట్టేది మన డబ్బు పంపడానికి, లేదంటే బ్యాలెన్స్ చూసుకోవడానికి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఎదుటివాళ్ళు పంపిన కోడ్‌ని మనం స్కాన్ చేసే పనీ లేదు. వ్యక్తుల మధ్య డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబర్ 1 నుంచి యూపీఐలో ఆపేశారు. క్యూఆర్ మోసం మాత్రం అలాగే ఉంది.

ఇంకోటి. ఆదివారం రద్దీలో మొక్కలు ఆటోలోకి ఎక్కించాక పేమెంట్ స్క్రీన్‌షాట్ చూపిస్తారు. అది నకిలీది తయారు చేయడం నిమిషం పని. డబ్బు పడ్డట్టు వచ్చే మెసేజ్‌దీ అదే కథ. "పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి వెయ్యండి" అంటే మన బ్యాంక్ యాప్ తెరిచి చూశాకే మాట్లాడాలి. కౌంటర్ దగ్గర కూర్చునే కుర్రాళ్ళకి ముందు ఈ ముక్క నేర్పండి.

భీమవరం:
మా బాబాయిగారికి తెలిసినవాళ్ళ నంబరు నుంచే శుభలేఖ వచ్చింది. చివర ఏపీకే అని ఉంది. అంటే అది ఒక యాప్. ఇన్‌స్టాల్ చేసి అడిగిన పర్మిషన్లన్నీ ఇస్తే మన మెసేజ్‌లు, ఓటీపీలు వాళ్ళకి వెళ్ళిపోతాయి. ఆ తెలిసినాయన వాట్సాప్ కూడా ఇలాగే వాళ్ళ చేతికి చిక్కిందట! రొయ్యల రైతుల గ్రూపుల్లో రోజూ ఎన్నో ఫైళ్ళు తిరుగుతాయి, అందుకే మాకు టెన్షన్. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది గానీ ఇన్‌స్టాల్ చేయమని అడగదు. ఎవరైనా నొక్కేసి ఉంటే వెంటనే నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పండి.

నరసాపురం అక్క:
ఫోన్‌లో "ఉప్పాడ జాందానీ 999 మాత్రమే" అని చీరల ప్రకటనలు వస్తున్నాయి. లేసు అల్లే ఇంట్లో పుట్టినదాన్ని, చేతిపనికి ఎన్ని రోజులు పడుతుందో నాకు తెలుసు. ఆ ధరకి అసలు జాందానీ రాదు. ఆ సైట్లో చిరునామా లేదు, ఫోన్ నంబరు లేదు, ముందే డబ్బు కట్టాలి. చెల్లెళ్ళూ, దయచేసి తొందరపడకండి.

అమలాపురం:
అందుకే నేను క్యాష్ ఆన్ డెలివరీ తప్ప ఏదీ పెట్టను.

తణుకు (బ్యాంకులో చేసి రిటైరయ్యాను):
అదీ పూర్తి రక్షణ కాదమ్మా. ఎవరూ పెట్టని ఆర్డర్ తెచ్చి, ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని వెళ్ళిపోతారు. వద్దంటే "క్యాన్సిల్ చేస్తాం, ఓటీపీ చెప్పండి" అంటారు. చెప్పొద్దు. డెలివరీ బాయ్‌ని కలుపుతామని స్టార్ 401తో మొదలయ్యే నంబరు కొట్టించేవాళ్ళూ ఉన్నారు. అలా చేస్తే మీ కాల్స్ వాళ్ళకి మళ్ళుతాయి. ##002# కొడితే ఆ మళ్ళింపు రద్దవుతుంది.

పాలకొల్లు:
డబ్బు పోయాక తిరిగి వస్తుందా అండి? మా పిన్నిగారు పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు.

తణుకు:
ఆవిడ చేత ఇప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. మోసగాడు డబ్బుని ఖాతాలు మార్చేలోపు ఆ ఖాతాని ఆపగలిగితే ఆశ ఉంటుంది, ప్రతి గంటా విలువైనదే. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు పెట్టి, బ్యాంకుకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. రిజర్వ్ బ్యాంక్ 2017లో తెచ్చిన నిబంధన ప్రకారం తప్పు మనదీ బ్యాంకుదీ కాకుండా బయట జరిగితే, డబ్బు పోయినట్టు బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 3 పనిదినాల్లో బ్యాంకుకి చెప్పినవాళ్ళకి నష్టం ఉండదు. ఓటీపీయో పిన్నో మనమే చెప్పేస్తే మాత్రం, ఫిర్యాదు ఇచ్చే వరకు పోయింది మనదే. ఇచ్చిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. అందుకే ఆవిణ్ణి ఎవరూ తిట్టకండి, ముందు ఫోన్ చేయించండి.